నడురేయి రేడియో

ఇల్లాండ్రకు తీరిక యెప్పుడు దొరకునో సోదరీమణులకు వేరుగ చెప్పనక్కఱలేదు. అంట్లు తోమి, పాలు తోడుపెట్టి, పిల్లలను నిద్రపుచ్చి, తలుపు గడియ వేసిన పిమ్మటనే గదా! ఆ వేళకు ఊరంతయు నిద్రించుచుండును. పొరుగింటికి పోయి నాలుగు మాటలాడుటకు వీలులేదు. పుస్తకము తెఱచినచో దీపపు వెలుతురునకు నిద్రించువారు విసుగుకొందురు. అట్టి వేళకు తగిన వినోదమొకటి కలదు. దానికి వ్యయము స్వల్పము, చదువుతో పని తక్కువ, గడప దాటవలసిన అగత్యమే లేదు. చీకటిలో కూర్చుండి రేడియో ముల్లును మెల్లమెల్లగా జరుపుచు, దూరదేశములందలి నిలయములను వెదకి పట్టుకొని వినుటయే ఆ వినోదము. తంతి పనివారు దూరమను మాటకు డీఎక్స్ అను పొట్టి గుర్తు వాడెడివారు. ఆ గుర్తునుబట్టి ఇంగ్లీషున దీనికి డీఎక్సింగ్ అని పేరు వచ్చినది.

నాకీ విద్య నేర్పినవారు మా మేనత్తగారు. మాది నెల్లూరు సీమలోని గూడూరు. 1970 ప్రాంతముల మా యింటి నడవలో పెద్ద రేడియో యొకటి యుండెడిది. నాటి దినములలో రేడియో గలవారు ఏటేట తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకమున ముద్ర వేయించుకొనవలసి యుండెను. ఆ పుస్తకము మా నాయనగారి పేర నుండెడిది. పుస్తకముతోబాటు రేడియోయు ఆయనదే! ఉదయము వార్తలు, మధ్యాహ్నము ధరవరలు, సాయంకాలము కచేరి, అన్నియు ఆయన యిష్టము ననుసరించియే సాగెడివి. ముల్లు కదపుటకు పిల్లలకు గాని ఆడువారికి గాని అనుమతి లేదు.

మేనత్తగారు చిన్నవయస్సుననే భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చినవారు. ఇంటిపని యంతయు ఆమె చేతిమీదుగనే జరిగెడిది. రాత్రి పది దాటి అందఱును పండుకొనిన పిదప ఆమె వంటయింటి దీపమార్పి నడవలోనికి వచ్చి, రేడియోమీద దుప్పటి కప్పి, అందులో తల దూర్చి వినెడివారు. (వేడెక్కు పెట్టెపై దుప్పటి కప్పుట యెంత ప్రమాదమో నాడు మాకు తెలియదు. ఎవ్వరును అట్లు చేయవలదు.) దీపము వెలిగి గొంతు వచ్చుటకు అరనిముసము పట్టెడిది. ఒకనాటి రాత్రి మెలకువ వచ్చి నేనును ఆ దుప్పటిలో దూరితిని. ఇక ప్రతిరాత్రియు అదే వాడుక యయ్యెను. ఎప్పుడైన బరబర శబ్దము పైకి వినవచ్చినచో లోపలినుండి మా అవ్వ, "ఏందే ఆ గోల? నిద్ర చెడగొట్టబాక!" అని కసరెడిది. మేమిద్దఱము ఊపిరి బిగబట్టి, అవ్వ గుఱక మరల వినవచ్చువఱకు కదలకుండెడివారము.

ఆ పెట్టెలో మా ఊరి వస్తువు గూడ ఉండియుండవచ్చునని నాకు పెద్దయైన తరువాత తెలిసినది. గూడూరు, రాపూరు ప్రాంతముల గనులనుండి తీసిన అభ్రకము, అనగా పిల్లలు కాకిబంగారమని ఏరుకొనునదే, చిరకాలము విదేశములకు ఎగుమతి యగుచుండెను. పూర్వపు రేడియో దీపములలోపల లోహపు భాగములు ఒకదాని కొకటి తగులకుండ నిలిపి యుంచుటకు అభ్రకపు బిళ్లలనే వాడెడివారు. విద్యుత్తును నిలువచేయు కండెన్సర్లలోను అభ్రకపు పొరలే యుండెడివి. ఆ పలుకలను పొరలు పొరలుగా చీల్చు షెడ్లలో కూలికి పోయిన స్త్రీలు మా వీధిలోనే యుండిరి. ఏ దేశపు రేడియోలో ఏ చేయి చీల్చిన పొర కుదురుకొన్నదో ఎవరు చెప్పగలరు?

ఇక దూరపు నిలయములు రాత్రివేళనే యేల వినవచ్చునని సోదరీమణులకు సందేహము కలుగవచ్చును. పగటివేళ గూడూరున మద్రాసు నిలయము చక్కగా వినవచ్చెడిది. విజయవాడ సన్నగా వినవచ్చెడిది. అంతకు మించి మధ్యతరంగములపై దాదాపు నిశ్శబ్దమే. చీకటి పడగానే ఆ నిశ్శబ్దము సంతవీధిగా మాఱెడిది. దీనికి కారణము సూర్యుడు. సూర్యకిరణముల తాకిడికి మన పైనున్న వాయుమండలము మీది భాగమున విద్యుత్కణములతో గూడిన పొరలేర్పడును. భూమికి 60 మొదలు 90 కిలోమీటర్ల యెత్తున నుండు క్రింది పొర తడిగుడ్డ వంటిది. అది మధ్యతరంగములను పీల్చివేయును. ప్రొద్దు క్రుంకగానే ఆ పొర మాయమగును. దానికి పైన, 100 కిలోమీటర్ల యెత్తునను, 250 కిలోమీటర్లకు మీదను ఉండు పొరలు మాత్రము రాత్రియు పూర్తిగా పోవు. అవి అద్దమువలె తరంగములను మరల భూమిమీదికి త్రిప్పి పంపును. అందుచేత వందల మైళ్ల యవతల పలికిన మాట మన నడవలో వచ్చి వ్రాలును.

1901 డిసెంబరు 12వ తేదీన మార్కోనీ అట్లాంటిక్ సముద్రమున కావలినుండి వచ్చిన సంకేతమును విన్నప్పుడు, గుండ్రని భూమిని చుట్టి యది యెట్లు వచ్చెనో విద్వాంసులకు అంతుపట్టలేదు. మఱుసటి యేట కెనెల్లీ, హెవిసైడ్ అను నిరువురు ఆకాశమున నిట్టి పొర యుండవలెనని వేర్వేరుగ ఊహించిరి. 1924లో ఆపిల్టన్ దానిని ప్రయోగపూర్వకముగ నిరూపించి, 1947లో నోబెల్ బహుమానము నందెను. మన దేశమున కలకత్తాలో శిశిరకుమార మిత్ర ఈ శాస్త్రమునకు పునాది వేసెను. మా గూడూరునకు నూఱు కిలోమీటర్ల దూరమున, తిరుపతికి చేరువనున్న గాదంకి గ్రామమున, ఆ పై పొరల కదలికలను కనిపెట్టు గొప్ప రాడారు 1990 తరువాత వెలసినది. మా అత్తగారు దుప్పటిలో తలదూర్చి చెవితో కనుగొన్నదానిని అచ్చట యంత్రములతో కొలుచుచున్నారు.

చీకటి తూర్పున ముందుగా పడును గదా! కావున రాత్రి మొదటి జాములో సముద్రమున కావలి బర్మా, థాయిలాండు దిక్కు నిలయములు లేచును. నడురేయి దాటినకొలది పడమటి దిక్కున అరబ్బు దేశముల పాటలు దగ్గఱగా వచ్చును. తెల్లవాఱుజామున తూర్పువారు ముందుగా మాయమగుదురు. గడియారము లేకయే ముల్లుమీది గొంతులనుబట్టి ప్రొద్దు ఎంతయైనదో మా అత్తగారు చెప్పెడివారు. ఋతుభేదము గూడ కలదు. వైశాఖ జ్యేష్ఠములలో ఏ మూల మెఱుపు మెఱిసినను రేడియోలో చిటపటలే. మార్గశిర పుష్యములలో ఆకాశము నిర్మలమై, గొంతులు కడిగిన ముత్యములవలె వచ్చును.

వీనియన్నింటను మాకు చుట్టఱికము గలది కొలంబో. పటము తీసి చూచితిరా, గూడూరునుండి తిన్నగా దక్షిణమునకు గీత గీసినచో ఆ గీత పుదుచ్చేరిని, నాగపట్టణమును ఒరసికొనుచు, సముద్రము దాటి, సింహళములోని పుత్తళము మీదుగా కొలంబోకు చేరును. అన్నియు రమారమి ఒక్క రేఖాంశముననే యున్నవి. దూరము సుమారు 800 కిలోమీటర్లు. ఒకే రేఖ యగుటచే మాకు చీకటి పడుటయు, వారికి చీకటి పడుటయు ఇంచుమించు ఒకే వేళ. కొలంబోలో 1925 డిసెంబరులోనే ప్రసారములు మొదలైనవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యము కొఱకు నెలకొల్పిన బలమైన ప్రసారయంత్రము యుద్ధానంతరము వారికి దక్కెను. 1952లో మన ఆకాశవాణి సినిమా పాటలపై చిన్నచూపు చూచుటతో దేశమంతయు కొలంబో వైపు చెవి త్రిప్పినది. తెలుగు పాటల కార్యక్రమమున మీనాక్షీ పొన్నుదురైగారి గొంతు వినని తెలుగు ఇల్లు ఆ కాలమున అరుదు.

ఆ కార్యక్రమమున పాట కోరినవారి పేర్లు, ఊర్లు చదివెడివారు. మా వీధిలో ఒక పిల్ల కార్డు వ్రాసినది. ఆమె పేరు, గూడూరు పేరు సింహళమునుండి వినవచ్చినవి. స్నేహితురాండ్రు సంబరపడిరి. ఇంట మాత్రము నాలుగు దినములు పొయ్యి వెలిగినను మాట వెలుగలేదు. ఆడపిల్ల పేరు గాలిలో తిరుగుట మర్యాద కాదని పెద్దల కోపము. తరువాతి కార్డు ఆమె తన తమ్ముని పేర వ్రాసెను. ఇది నవ్వులాటకు చెప్పుట లేదు. ఆ తమ్మునికి పాటలమీద ఆసక్తియే లేదు.

మా అత్తగారి మార్గము వేఱు. ఆమె పాట కోరలేదు. వినినదానిని వ్రాసి పెట్టుకొనెడివారు. పాలలెక్క పుస్తకమునకు వెనుకవైపున తేది, వేళ, ముల్లు నిలిచిన అంకె, వినినదేమి, గొంతు ఆడువారిదా మగవారిదా, ఇవియే ఆ వ్రాతలు. భాష తెలియనిచోట "గంటలు మూడు మ్రోగినవి", "పిల్లనగ్రోవి", "నవ్వినారు" అని వ్రాసెడివారు. నేను ఇంగ్లీషు చదువుకొనుచున్న దినములలో, ఇట్టి వివరములు వ్రాసి పంపినచో ఆ నిలయమువారు సరిచూచుకొని, 'మీరు విన్నది మా ప్రసారమే' యని రుజువు కార్డు పంపుదురని ఒక పత్రికలో చదివితిని. ఆ కార్డును క్యూఎస్ఎల్ అందురు. నిలయమువారికి గూడ దీనివలన మేలే, తమ గొంతు ఎచ్చటివఱకు పోవుచున్నదో తెలియును. అత్తగారు తెలుగున చెప్పగా నేను ఇంగ్లీషున వ్రాసితిని. వేళను గ్రీనిచ్ లెక్కకు మార్చుటకు అయిదున్నర గంటలు తగ్గింపవలెనని తెలియక మొదటి ఉత్తరము పాడుచేసితిని. రెండవదానిపై ఆమె తెలుగున సంతకము చేసిరి. అది జపాను నిలయమునకు పంపినది.

రెండు నెలలు గడచినవి. ఒక మధ్యాహ్నము తపాలా బంట్రోతు వాకిట నిలిచి ఒక పేరు పిలిచెను. ఎవ్వరును పలుకలేదు. మా యింట ఆమెను నాయన "అక్కా" యనును, మేము "అత్తా" యందుము, అమ్మ "వదినా" యనును. ఆ పేరుగల మనిషి మా యింట నున్నదని అమ్మకు తోచుటకు కొంత సేపు పట్టినది. అత్తగారు తడిచేతులు కొంగుకు తుడుచుకొనుచు వచ్చి కార్డు అందుకొనిరి. ఒకవైపు కొండ బొమ్మ, మఱొకవైపు ఆమె పేరు, గూడూరు, నెల్లూరు జిల్లా. ఆ యింటికి వచ్చి యిరువదియేండ్లు దాటినను, ఆమె పేర వచ్చిన మొదటి ఉత్తరమది. నాయనగారు కార్డును అటునిటు త్రిప్పి చూచిరి. "రాత్రిళ్లు నువ్వా వినేది?" అని మాత్రము అనిరి. మఱునాటినుండి దుప్పటి అవసరము లేకపోయెను.

ఇది వినోదమే గాని, మా సముద్రతీరమున వినోదమునకు మించిన ఉపయోగము గూడ నుండెను. 1984 నవంబరు 14వ తేదీన శ్రీహరికోట యొద్ద తీరము దాటిన తుపానును మా ప్రాంతమువా రెవ్వరును మఱువలేదు. కరెంటు పోయినది. పెద్ద రేడియో మూగవోయినది. అప్పటికి ఇంట నొక ట్రాన్సిస్టరు వచ్చియుండెను గాని, దాని సెల్లులు నీరసించినవి. అత్తగారు వానిని పొయ్యిగట్టుపై కొంచెముగ వెచ్చబెట్టి, మరల వేసి, అయిదేసి నిముసములు మాత్రము పెట్టి ఆర్పుచుండిరి. (ఇదియు ఇప్పుడు చేయరాని పనియే, సెల్లులు పగులవచ్చును.) విజయవాడ గొంతు క్షీణించినప్పుడు కడపకును, కడప మసకబారినప్పుడు మద్రాసు ఇంగ్లీషు వార్తలకును ముల్లు మార్చెడివారు. ఏ వేళకు ఏ నిలయము నిలుచునో ఆమెకు ఏండ్ల తరబడి చేసిన వాడుక. నేను బడి అట్లాసులో తుపాను చోటును పెన్సిలుతో గుర్తించుచుంటిని. వాకాడు వైపున ఆడపిల్లనిచ్చిన పొరుగింటి యిల్లాలు మా నడవలో గోడకానుకొని రాత్రియంతయు కూర్చుండెను. ఆమె ఒక్కటే ప్రశ్న వేయుచుండెను: "దాటిందా అక్కా, ఇంకా దాటలేదా?" మూడవనాడు ఆ పిల్ల చంకలో బిడ్డతో, తడిసిన చీరతో నడచివచ్చినది.

వినుటతోబాటు మాటలాడుటకు గూడ నేర్చిన స్త్రీలు కలరు. దానిని హామ్ రేడియో అందురు. అందుకు ప్రభుత్వపు పరీక్షలో తేఱి లైసెన్సు పొందవలెను. హైదరాబాదున ఇందుకొఱకు 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడినది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాదుగారు 2004 డిసెంబరులో, చాలయేండ్లుగా హామ్ ప్రసారములు లేని అండమానులకు పోయి, పోర్టుబ్లెయిరులో నిలయము పెట్టి ప్రపంచమందలి ఔత్సాహికులతో సంభాషించుచుండిరి. 26వ తేది ఉదయము భూమి కంపించినది. సునామీ వచ్చినది. టెలిఫోనులు పనిచేయలేదు. ఆమె వెంటనే తమ వినోద సంభాషణలను ఆపి, ద్వీపముల క్షేమసమాచారములను దేశమునకు అందించు పనికి పూనుకొనిరి. పోర్టుబ్లెయిరు మా గూడూరునకు సముద్రము మీదుగా 1,400 కిలోమీటర్లు. ఆ కెరటములే రెండుమూడు గంటలలో మా తీరమునకును వచ్చినవి.

మొదలుపెట్టదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు. మధ్యతరంగములు, హ్రస్వతరంగములు రెండును గల చిన్న రేడియో చాలును. ఎఫ్.ఎం. మాత్రమే పలుకు పెట్టె యిందుకు పనికిరాదు. అంకెల విషయమున ఒక చమత్కారము కలదు. 1978 నవంబరునుండి మన ఖండమున మధ్యతరంగ నిలయములను తొమ్మిదేసి కిలోహెర్ట్జుల యెడముగా సర్దినారు. కాబట్టి ప్రతి నిలయపు అంకెయు తొమ్మిదింటి యెక్కములోనిదే. మద్రాసు 720, హైదరాబాదు 738, విజయవాడ 837, కడప 900, విశాఖపట్టణము 927. వీనిలో ఏ అంకెనైన కూడి చూడుడు, తొమ్మిదియో పదునెనిమిదియో వచ్చును. ఈ కూడికతోనే మా అత్తగారు నాకు తొమ్మిదవ యెక్కము వచ్చునట్లు చేసిరి.

రేడియోను చేతబట్టి మెల్లగా త్రిప్పి చూడవలెను. మధ్యతరంగములను పట్టు నల్లని కడ్డీ పెట్టెలోపల అడ్డముగ నుండును. దాని ప్రక్క నిలయము వైపునకు ఉన్నచో గొంతు హెచ్చును, కొన వైపునకు ఉన్నచో తగ్గును. కొలంబో కావలెనన్న కడ్డీ తూర్పు పడమరలుగా నుండవలెను. అడ్డువచ్చు నిలయము వైపునకు కొనను త్రిప్పినచో దాని నోరు మూతపడును. (గయ్యాళి పొరుగువారికి గూడ ఇట్టి యుపాయ మొకటి యున్న ఎంత బాగుండును!) ఇప్పటి యిండ్లలో పెద్ద శత్రువులు ఎల్.ఇ.డి. దీపములు, సెల్‌ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు. అవి చేయు రొదలో దూరపు గొంతు మునిగిపోవును. వానిని ఆర్పి, కుదరనిచో మేడమీదికి పోయి వినవలెను. కరెంటు పోయిన రాత్రి అందఱును విసుగుకొందురు గాని, వీధియంతయు చీకటియైన ఆ గంటయే మా వంటివారికి పండుగ.

దాచనేల, వినదగిన గొంతులు తగ్గిపోవుచున్నవి. ఒకప్పుడు మాస్కోనుండి తెలుగున వార్తలు వచ్చెడివి. ఆస్ట్రేలియా రేడియో 2017 జనవరితో హ్రస్వతరంగములను విడిచినది. లండను బీబీసీ హిందీ రేడియో 2020 జనవరితో ముగిసినది. మన ఆకాశవాణియు పలుచోట్ల మధ్యతరంగ ప్రసారములను ఆపివేసినది. సెల్‌ఫోనులో లోకమందలి నిలయములన్నియు దొరకునని పిల్లలు నన్ను వేళాకోళము చేయుదురు. నిజమే, దొరకును. పట్టుటకును దొరకుటకును గల తేడా వారికి చెప్పుటకు పలుమార్లు యత్నించి మానుకొంటిని. గాలము వేయనివానికి చేపల దుకాణమే సుఖము.

మేనత్తగారు ఇప్పుడు లేరు. పాలలెక్క పుస్తకము నాయొద్ద నున్నది. ముందువైపున పావుసేర్ల లెక్కలు, వెనుకవైపున దేశములు. ఆమె చేతి చివరి పంక్తిలో వేళ తెల్లవాఱుజాము నాలుగు గంటలని యున్నది. దాని ప్రక్కన "ఆడమనిషి గొంతు. స్పష్టము. భాష తెలియలేదు. చాలసేపు మాట్లాడినది" అని వ్రాసి యున్నది. దానిక్రింద మిగిలిన పుటలో నేను వ్రాయుచున్నాను.